షెడ్యూల్ బి సరుకు: కాంట్రాక్టరు అధీనంలో ఉంటుంది, కాంట్రాక్టరు సొత్తు కాదు

మీ ప్రశ్నను శ్రద్ధగా చదివాను. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల విభాగం) సాధారణ ఒప్పంద షరతుల కింద పద్నాలుగు నెలల గడువుతో ఒక భవన నిర్మాణపు పని మీకు మొదటిసారిగా దక్కిందనీ, అందులో సిమెంటు, స్టీలు విభాగమే నిర్ణీత ధరకు ఇచ్చేలా షెడ్యూల్ బి (విభాగం ఇచ్చే సరుకుల జాబితా) లో చేర్చారనీ రాశారు. బయట డీలరు ఇంకా తక్కువకు ఇస్తానంటున్నాడు కాబట్టి అతని దగ్గర కొనవచ్చా, ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో కాంట్రాక్టరుగా నమోదై నేరుగా కొనుక్కోవచ్చా, మిగిలిన స్టీలును మీ మరో సైటుకు తరలించవచ్చా, సరుకు ఆలస్యమైతే పరిహారం వస్తుందా, జీఎస్టీ ఏ మొత్తం మీద కట్టాలి అని అయిదు విషయాలు అడిగారు. నేను పదకొండేళ్లు ఒక నిర్మాణ విభాగంలో జూనియర్ ఇంజినీరుగా స్టోర్సు లెక్కలు చూశాను. ఆ తరువాత పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టర్ల తరఫున బిల్లులు, సరుకు లెక్కలు తయారు చేస్తున్నాను. బల్లకు రెండు వైపులా కూర్చున్న అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇవాళ సీపీడబ్ల్యూడీ పనుల్లో చాలావాటికి షెడ్యూల్ బి లో ‘లేదు’ అనే ఉంటుంది. సిమెంటు, స్టీలు కాంట్రాక్టరే ఆమోదిత కంపెనీల నుంచి కొని తెస్తాడు. అందుకే కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారికి విభాగం ఇచ్చే సరుకు గురించిన పదో క్లాజును పూర్తిగా చదవవలసిన అవసరమే రావడం లేదు. ఆ క్లాజులో లైసెన్సులు, పర్మిట్లు అనే మాటలు ఎందుకున్నాయో తెలియాలంటే పాత రోజులు గుర్తు చేసుకోవాలి. సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ 1982లో కొంత సడలి, 1989 మార్చిలో పూర్తిగా తొలగింది. స్టీలు ధరల నియంత్రణ 1992 జనవరిలో పోయింది. అంతవరకు విభాగం స్టోరు నుంచి వచ్చిన సిమెంటు బస్తాకు, బయట బజారులో దొరికే బస్తాకు మధ్య ధరలో ఎంతో తేడా ఉండేది. ఆ తేడాను ఎవరూ సొమ్ము చేసుకోకూడదనే ఉద్దేశంతో రాసిన క్లాజు అది. నియంత్రణలు పోయినా క్లాజు పదును మాత్రం తగ్గలేదు.

పదో క్లాజు సారాంశాన్ని నా మాటల్లో చెబుతాను. షెడ్యూల్ బి లో ఏ సరుకు, ఎంత పరిమాణం, ఎక్కడ ఇస్తారు, ఏ ధరకు ఇస్తారు అనేవి రాసి ఉంటాయి. ఆ సరుకును ఇంజినీర్-ఇన్-చార్జ్ (పనికి బాధ్యుడైన విభాగపు ఇంజినీరు) నుంచే తీసుకోవడానికి కాంట్రాక్టరు కట్టుబడి ఉంటాడు. ఇది మీ మొదటి ప్రశ్నకు సమాధానం: బయట ఎంత చవకగా దొరికినా మీ అంతట మీరు కొని వాడడానికి వీల్లేదు. మీరు టెండరు వేసేటప్పుడే ఆ ఇష్యూ రేటును (విభాగం సరుకు ఇచ్చే ధరను) చూసి మీ రేటును నిర్ణయించుకుని ఉంటారని ఒప్పందం భావిస్తుంది. ఇంకొక సంగతి కూడా గమనించండి. బజారులో ధరలు పెరిగినప్పుడు అదనపు చెల్లింపునకు అవకాశమిచ్చే పది-సిఎ, పది-సిసి వంటి క్లాజులు విభాగం స్టోరు నుంచి వచ్చే సరుకుకు వర్తించవు, ఎందుకంటే ఆ ధర మీకు మొదటినుంచీ స్థిరంగానే ఉంటుంది. కాబట్టి ధరల పెరుగుదల లెక్క వేసుకునేటప్పుడు సిమెంటు, స్టీలు విలువను తీసి పక్కన పెట్టండి. డీలరు చెప్పే ధర నిజంగానే బాగా తక్కువగా ఉంటే, పని మొదలు కాకముందే ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు) లిఖితపూర్వకంగా తెలియజేసి, షెడ్యూలు సవరణకు ఆయన పై అధికారి అనుమతి తీసుకుంటారేమో అడగవచ్చు. సవరణ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా మాత్రం ఒక్క బస్తా కూడా బయటినుంచి సైటులోకి రానివ్వకండి. సైటులో రెండు రకాల సరుకు కలిసిపోయిన తరువాత లెక్క తేల్చడం ఎవరివల్లా కాదు, అనుమానం మాత్రం మీ మీదే నిలుస్తుంది.

జెమ్ విషయం క్లుప్తంగా చెబుతాను. 2016 ఆగస్టులో మొదలైన ఆ పోర్టల్ ప్రభుత్వ కొనుగోళ్ల కోసం ఏర్పడింది. అంతకు ముందు ప్రభుత్వ కొనుగోళ్లకు రేటు కాంట్రాక్టులు (ముందే ఖరారైన ధరల ఒప్పందాలు) నడిపిన కేంద్ర సంస్థ డీజీఎస్అండ్‌డీ 2017 అక్టోబరు 31న మూతపడింది. జెమ్‌లో కొనుగోలుదారులుగా ఉండగలిగేది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విభాగాలు, ప్రభుత్వ రంగ సంస్థలు, స్వయంప్రతిపత్తి సంస్థలు, స్థానిక సంస్థల వంటివి. 2022లో సహకార సంఘాలకు కూడా అవకాశం కల్పించారు. ప్రైవేటు కాంట్రాక్టరు అక్కడ అమ్మకందారుగా నమోదు కాగలడు తప్ప, ప్రభుత్వ పని చేస్తున్నాడన్న కారణంతో కొనుగోలుదారు కాలేడు. ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగి తన లాగిన్‌తో మీ కోసం కొని ఇస్తానంటే దాన్ని మర్యాదగా తిరస్కరించండి. అది ఇద్దరికీ ముప్పు.

ఇక అసలు విషయానికి వస్తాను. మిగిలిన స్టీలును మరో సైటుకు తరలించవచ్చా అన్నది మీ ప్రశ్నల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. సమాధానం: తరలించకూడదు, తాత్కాలికంగా కూడా తరలించకూడదు. విభాగం ఇచ్చిన సరుకు పూర్తిగా ప్రభుత్వ సొత్తుగానే ఉంటుందనీ, కాంట్రాక్టరు దానికి ధర్మకర్త మాత్రమేననీ, ఏ కారణం చేతనైనా దాన్ని పని స్థలం నుంచి తీసుకుపోకూడదనీ క్లాజు స్పష్టంగా చెబుతుంది. ఉల్లంఘిస్తే ఆ సరుకు వల్ల వచ్చిన లాభాన్ని తిరిగి చెల్లించడంతో పాటు నమ్మక ద్రోహం నేరం కింద చర్యకు కూడా కాంట్రాక్టరు గురి కావలసి ఉంటుంది. పాత శిక్షాస్మృతిలో 405, 406 సెక్షన్లలో ఉన్న ఆ నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్‌గా ఉంది. ‘బిల్లులో నా డబ్బు కోసుకున్నారు కాబట్టి సరుకు నాదే’ అని చాలామంది అనుకుంటారు. నిజానికి సరుకు విలువను మీ బిల్లు నుంచి తీసుకునేది అది పనిలో వాడకమైన మేరకే. వాడకముందు అది మీ గోదాములో ఉన్న ప్రభుత్వ సరుకు.

నాకు బాగా తెలిసిన ఒక కాంట్రాక్టరు వానాకాలంలో స్టీలు తుప్పు పడుతుందన్న మంచి ఉద్దేశంతోనే 12 మిల్లీమీటర్ల కమ్మీలు ఆరు టన్నులు తన రెండో సైటులోని రేకుల షెడ్డుకు పంపారు. ఎవరికీ చెప్పలేదు, కాగితం రాయలేదు. నెలరోజులకు తనిఖీకి వచ్చిన అధికారులకు నిల్వ తక్కువగా కనిపించింది. కమ్మీలు తిరిగి తెచ్చి చూపించినా, ఫైలులో చేరిన మాటను తుడిచివేయడానికి ఆయనకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఫైనల్ బిల్లు ఆగిపోయింది. ఆ రోజు ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఒక లేఖ రాసి, సైటులోనే టార్పాలిన్ కప్పించి ఉంటే సరిపోయేది.

మిగిలిన సరుకును తిరిగి అప్పగించడమే దారి. ఇంజినీర్-ఇన్-చార్జ్ చెప్పిన చోటికి, ఇచ్చినప్పటి స్థితిలోనే చేర్చాలి. దానికి మీ ఖాతాలో జమ చేసే ధర అప్పటి బజారు రేటును బట్టి నిర్ణయమవుతుంది కాని మీ దగ్గర వసూలు చేసిన ధరను మించదు. విభాగం తిరిగి తీసుకోకూడదని నిర్ణయిస్తే దానిమీద మీకు పరిహారం కోరే హక్కు లేదు. అందుచేత అవసరానికి మించి ఇండెంటు (సరుకు కోసం రాసే అభ్యర్థన) పెట్టడం వల్ల మీకు మేలు ఏ వైపునుంచీ లేదు. ఇండెంటును అవసరానికి కనీసం ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా ఇవ్వాలి. స్టోరు నుంచి సైటుకు చేర్చే ఎగుమతి, రవాణా, దిగుమతి, నిల్వ ఖర్చులన్నీ మీవే. నెలవారీ కార్యక్రమం ప్రకారం కొద్దికొద్దిగా తీసుకోండి. లారీ కిరాయి కొంత ఎక్కువైనా లెక్క మీ చేతిలో ఉంటుంది.

ఇప్పుడు సరుకు వాడకం లెక్క తేల్చే 42వ క్లాజు. డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే కనుక దీన్ని కొంచెం విస్తారంగా రాస్తాను. పని ముగిశాక, లేదా మధ్యలో లెక్క కుదరని ఏ దశలోనైనా, విభాగం ‘సైద్ధాంతిక పరిమాణం’ లెక్కగడుతుంది. అంటే మీరు చేసిన పనికి నియమం ప్రకారం ఎంత సరుకు పట్టాలి అన్నది. సిమెంటుకు, తారుకు ఆ లెక్క షెడ్యూల్ ఆఫ్ రేట్స్ (విభాగం ధరల పట్టిక) లోని గుణకాల (ఒక్కో పని యూనిటుకు పట్టే సరుకు పరిమాణాల) మీద నడుస్తుంది. స్టీలుకు డ్రాయింగు ప్రకారం పట్టే బరువు, అనుమతించిన ల్యాపులు (కమ్మీల అతుకులు), కుర్చీలు (పై కమ్మీలను నిలబెట్టే ఆధారాలు) కలిపి, ఆ మొత్తానికి ముక్కల తరుగు కింద 3 శాతం చేరుస్తారు. పైపులకు, తీగలకు తరుగు 5 శాతం, జీఐ రేకులకు 10 శాతం. ఇలా వచ్చిన పరిమాణం మీద షెడ్యూల్ ఎఫ్ (మీ పనికి వర్తించే అంకెలు రాసిన ఒప్పంద భాగం) లో రాసిన తేడాను అనుమతిస్తారు. మామూలుగా ఉండే నమూనాలో టెండరు అంచనా విలువ ఒక పరిమితి దాటిన పనులకు సిమెంటు మీద 2 శాతం ఎక్కువ లేదా తక్కువ, స్టీలు మీద 2 శాతం ఎక్కువ లేదా తక్కువ, తారు మీద 2.5 శాతం ఎక్కువ వైపు మాత్రమే ఉంటుంది. మిగతా సరుకులకు ఏమీ ఉండదు. మీ ఒప్పందంలోని అంకెలే మీకు ప్రమాణం కాబట్టి షెడ్యూల్ ఎఫ్ తెరిచి చూసుకోండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సులభంగా ఉండటానికి పని మొత్తంలో సిమెంటు పట్టేది 400 ఘనపు మీటర్ల ఇటుక కట్టుబడికి మాత్రమేననీ, మోర్టారు 1:6 (ఒక వంతు సిమెంటుకు ఆరు వంతుల ఇసుక) అనీ అనుకోండి. ఘనపు మీటరు కట్టుబడికి పావు ఘనపు మీటరు మోర్టారు, ఆ మోర్టారు ఘనపు మీటరుకు 250 కిలోల సిమెంటు చొప్పున, ఘనపు మీటరు కట్టుబడికి 62.5 కిలోలు పడుతుంది. మొత్తం 25,000 కిలోలు, అంటే 500 బస్తాలు. రెండు శాతం తేడా అంటే 10 బస్తాలు. మీరు 540 బస్తాలు వాడితే 30 బస్తాలకు షెడ్యూల్ ఎఫ్ లోని రికవరీ రేటున కోత పడుతుంది, ఆ రేటు ఇష్యూ రేటు కన్నా సాధారణంగా చాలా ఎక్కువగా రాసి ఉంటుంది. ఇక్కడ చాలామంది గమనించని రెండో వైపు ఉంది. మీరు 470 బస్తాలే వాడినట్టు లెక్క తేలితే 490కి తక్కువపడిన 20 బస్తాలకు కూడా కోత ఉంటుంది, ఎందుకంటే తక్కువ సిమెంటు వాడారంటే మోర్టారు పలుచబడిందని అర్థం. ఆ కోతతో పాటు నాణ్యత మీద వేరే చర్య తీసుకునే అధికారం కూడా విభాగానికి అలాగే ఉంటుంది. తారుకు తక్కువ వైపు సడలింపే లేకపోవడానికి కారణం కూడా అదే: తారు తగ్గిన రోడ్డు మొదటి వర్షాకాలానికే కంకర లేస్తుంది. కనుక ‘సిమెంటు పొదుపు చేశాడు’ అని తాపీ మేస్త్రీని మెచ్చుకోవడానికి ముందు గుణకాల పట్టిక చూడాలి.

స్టీలు లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే పోలిక ప్రతి సైజుకూ విడివిడిగా జరుగుతుంది. 12 మిల్లీమీటర్లలో మిగిలినది 16 మిల్లీమీటర్ల లోటుకు సర్దుబాటు కాదు. డ్రాయింగు ప్రకారం 16 మిల్లీమీటర్లు 40 టన్నులు కావాలనుకోండి. 3 శాతం తరుగుతో 41.2 టన్నులు, దానిమీద 2 శాతం తేడాతో సుమారు 42.02 టన్నులు. మీకు 43.5 టన్నులు ఇచ్చి ఉంటే దాదాపు 1.48 టన్నులు మీరు చూపించాలి లేదా అప్పగించాలి. లిఖితపూర్వక నోటీసు ఇచ్చాక మీకుండే గడువు పదిహేను రోజులు మాత్రమే. రాడ్ బెండింగ్ మేస్త్రీలు 20 మిల్లీమీటర్ల కమ్మీ అందుబాటులో లేక 25 వాడేయడం, అనుమతి లేని ల్యాపు వేయడం రోజూ జరిగే విషయాలే. సైటు ఆర్డరు పుస్తకంలో ఏఈ సంతకంతో నమోదు కాని మార్పు ఈ లెక్కలో మీకు అక్కరకు రాదు.

నా వృత్తి జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ వివాదాలు చూసింది తూకం దగ్గర. స్టోరు వాళ్లు కాటా తూకం ప్రకారం కమ్మీలు ఇస్తారు. కొలతల పుస్తకంలో మాత్రం పొడవు కొలిచి, ప్రామాణిక బరువుతో గుణించి రాస్తారు. 16 మిల్లీమీటర్ల కమ్మీకి మీటరుకు 1.58 కిలోలు, 12కి 0.888, 20కి 2.47, 25కి 3.85. కానీ కమ్మీలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం మిల్లు నుంచి వచ్చే కమ్మీ బరువులో కొంత తేడా అనుమతం: 10 మిల్లీమీటర్ల వరకు 7 శాతం, ఆ పైన 16 వరకు 5 శాతం, 16 దాటితే 3 శాతం ఎక్కువ గాని తక్కువ గాని. మీకు ఇచ్చిన 16 మిల్లీమీటర్ల లాటు 3 శాతం బరువుగా ఉందనుకుంటే, కాటా మీద 10,000 కిలోలు చూపిన సరుకు కొలతల పుస్తకంలో 9,709 కిలోలుగానే తేలుతుంది. ముక్కల తరుగుకు ముందే 291 కిలోలు కాగితం మీద మాయమైనట్టు కనిపిస్తుంది. అందుకే ప్రతి లారీకి దిగుమతి సమయంలోనే ఏఈ ఎదుట ప్రతి సైజు నుంచి కొన్ని మీటరు ముక్కలు తూచి, సగటు బరువు రిజిస్టరులో రాయించి, ఇద్దరూ సంతకాలు చేయండి. ఇష్యూ ఏ పద్ధతిన లెక్కిస్తారో, వినియోగం కూడా అదే పద్ధతిన లెక్కించాలని మొదటి లారీ నాడే లేఖ ఇవ్వండి. ఆరు నెలల తరువాత ఆ మాట ఎత్తితే వినేవారుండరు.

సిమెంటు గోదాముకు రెండు తాళాలు ఉండాలి. ఒక తాళంచెవి విభాగం మనిషి దగ్గర, రెండోది మీ దగ్గర. రోజువారీ సిమెంటు రిజిస్టరులో వచ్చినది, వాడినది, నిల్వ రాసి ఇరువైపులా సంతకం చేయాలి. పేర్చడంలో పది బస్తాల ఎత్తు దాటకూడదు, ముందు వచ్చినది ముందు వాడాలి, మూడు నెలలు దాటిన సిమెంటును మళ్లీ పరీక్ష చేయించాలి. గట్టిపడిన బస్తా కూడా లెక్కలో మీ బస్తాయే అని మరచిపోవద్దు. పూర్తి పనికి ఒక్కసారే లెక్క చూద్దామని వాయిదా వేయకుండా, ప్రతి రన్నింగ్ బిల్లుతోనూ (పని సాగుతుండగా పెట్టే బిల్లుతోనూ) ఇష్యూ, వినియోగం, నిల్వ పట్టికను గుణకాల లెక్కలతో సహా జతపరచాలన్నది ఒప్పందంలోని నియమమే. చాలా కార్యాలయాల్లో దాన్ని అడగరు. అడగకపోయినా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మూడో బిల్లు దగ్గర బయటపడ్డ 2 టన్నుల తేడాకు కారణం వెతకవచ్చు. ఫైనల్ బిల్లు దగ్గర బయటపడితే ఆ కమ్మీలన్నీ అప్పటికే కాంక్రీటు లోపల ఉంటాయి.

ఆలస్యం గురించి. సరుకు ఇవ్వడంలో జాప్యం జరిగినా, అసలు ఇవ్వకపోయినా పరిహారం ఉండదని పదో క్లాజు చెబుతుంది. అంతేకాదు, అసలు గడువుకు తోడు దానిలో సగం కాలం లోపల సరుకు అందితే పని మొత్తం చేయడానికి మీరు కట్టుబడే ఉంటారు. మీ పద్నాలుగు నెలల పనికి అది ఇరవై ఒక్క నెలలు. మీకు దక్కేది గడువు పొడిగింపు. అదైనా దక్కాలంటే సరుకు కోసం ఇండెంటు పెట్టిన తేదీ, స్టోరులో లేదని చెప్పిన తేదీ, అందిన తేదీ ఆటంకాల రిజిస్టరులో ఎప్పటికప్పుడు నమోదు కావాలి. కూలీలు ఖాళీగా ఉన్న రోజుల వివరాలతో ప్రతిసారీ లేఖ రాయండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఆలస్యపు నెరవేర్పును అంగీకరించేటప్పుడే పరిహారం కోరే ఉద్దేశాన్ని తెలియజేయకపోతే ఆ తరువాత అడగడానికి వీలుండదు. క్లాజు మీకు ప్రతికూలంగా ఉన్నప్పటికీ, వివాదం మధ్యవర్తి ముందుకు వెళ్లిన రోజున మాట్లాడేవి ఆ లేఖలే. ఈ షరతు కాంట్రాక్టరుకు అన్యాయంగా ఉందని నేను నమ్ముతాను. బయట కొనడానికి వీల్లేదని కట్టివేసి, ఇవ్వనందుకు బాధ్యత లేదనడం సమంజసం కాదు. అయినా సంతకం చేసిన ఒప్పందం ప్రకారమే మనం నడుచుకోవాలి.

పన్నుల విషయంలో రెండు పరిస్థితులను వేరుగా చూడాలి. ధర వసూలు చేసి ఇచ్చిన సరుకు గురించి 1988లో ఎన్.ఎం. గోయెల్ కేసులో సుప్రీంకోర్టు, సరుకు ప్రభుత్వ సొత్తుగా ఉంటుందన్న క్లాజు ఉన్నప్పటికీ, వాడకం ద్వారా, బిల్లులో ధర మినహాయించడం ద్వారా అది కాంట్రాక్టరుకు అమ్మకమే అవుతుందని తేల్చింది. కాబట్టి మీ పనిలో జీఎస్టీని రికవరీ పోగా చేతికి వచ్చిన మొత్తం మీద కాకుండా, చేసిన పని పూర్తి విలువ మీద లెక్కించాలి. విభాగం మీకిచ్చిన సరుకుకు పన్ను ఇన్వాయిసు అడిగి తీసుకుంటేనే ఆ పన్ను మీకు క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా) వస్తుంది. ఉచితంగా ఇచ్చిన సరుకు సంగతి వేరు: 2018లో భయానా బిల్డర్స్ కేసులో, సేవా పన్ను చట్టం కింద, దాని విలువను కాంట్రాక్టరు సేవ విలువలో కలపకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆదాయపు పన్నులో లాభాన్ని అంచనా శాతంతో లెక్కించే సందర్భంలో, ప్రభుత్వం ఇచ్చిన సరుకు విలువ మీద కాంట్రాక్టరుకు లాభం ఉండదని 1978లోనే బ్రిజ్ భూషణ్ లాల్ కేసులో తీర్పు వచ్చింది. మీ ఆడిటరుకు ఈ మూడు పేర్లు ఇవ్వండి. విభాగం యంత్రాలు కిరాయికి తీసుకునే ఆలోచన ఉంటే, విశాఖ ఉక్కు కర్మాగార నిర్మాణంలో కాంట్రాక్టర్లకు ఇచ్చిన యంత్రాల మీద వచ్చిన వివాదంలో 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కూడా చూపించండి. యంత్రం మీద అదుపు సంస్థ దగ్గరే ఉన్నందున అది పన్ను పడే వినియోగ హక్కు బదిలీ కాదని అందులో నిర్ణయించారు. అది అమ్మకపు పన్ను కాలపు తీర్పు అయినా, అదుపు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఇప్పటికీ పనికివస్తుంది.

మొదటి ఇండెంటు ఇంకా పెట్టలేదని రాశారు కాబట్టి సమయం మీ చేతిలోనే ఉంది. మీ షెడ్యూల్ ఎఫ్ లో 42వ క్లాజు ఎదురుగా రాసిన తేడా శాతాలు, ఎక్కువ వాడకానికి, తక్కువ వాడకానికి విడివిడిగా ఉన్న రికవరీ రేట్లు, షెడ్యూల్ బి లోని ఇష్యూ రేట్లు ఇక్కడ రాయండి. వాటితో మీ పనికి సరిపోయే నెలవారీ లెక్క పట్టిక ఎలా ఉండాలో వరుసలతో సహా చూపిస్తాను.